కట్టు కట్టని ఎముకలు

పక్కటెముకలు విరిగినవారికి కట్టు కట్టరు. చెయ్యి విరిగితే సిమెంటు కట్టు వేస్తారు, తొడ ఎముక విరిగితే లోపల రాడ్డు వేస్తారు, కానీ ఛాతీ గూడులోని ఎముక విరిగితే, అది మరీ ముక్కలై పక్కకు జరిగితే తప్ప, దాని జోలికి ఎవరూ పోరు. దాన్ని దాని మానాన అతుక్కోనిచ్చి, ఆ లోపల ఊపిరితిత్తులు చెడిపోకుండా చూసుకోవడమే వైద్యం. ఈ సంగతి నాకు ఆసుపత్రి మంచం మీద తెలిసింది. నన్ను చూడవచ్చిన బంధువులకు మాత్రం ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. "నాలుగు ఎముకలు విరిగాయంటున్నారు, మరి కట్టేదమ్మా?" అని మా పెద్దత్తయ్య నా పైట వైపు అనుమానంగా చూస్తూ అడిగిన మాటను, ఆ తర్వాత ఇరుగుపొరుగువారి నోట, తోటి ఉపాధ్యాయుల నోట చాలాసార్లు విన్నాను.

ప్రమాదం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నరసరావుపేటలో మావారి బండి వెనక ఒకవైపుకు కూర్చుని వెళ్తుండగా కుక్క అడ్డం వచ్చింది, బండి జారింది, నా ఎడమపక్క డివైడరు అంచుకు బలంగా తగిలింది. తలకు హెల్మెట్ ఉంది కనుక తల దక్కింది. లేచి నిలబడగలిగాను, మాట్లాడగలిగాను, కానీ మాట్లాడబోయిన ప్రతిసారీ రెండు ముక్కల తర్వాత ఊపిరి మధ్యలోనే తెగిపోయేది. గుంటూరు తీసుకువెళ్లారు.

అక్కడ మొదట తీసిన ఎక్స్‌రేలో రెండు ఎముకలు విరిగినట్టే కనబడింది. ఆ తర్వాత తీసిన సీటీ స్కాన్‌లో అయిదు నుంచి ఎనిమిది వరకు వరుసగా నాలుగు ఎముకలకు విరుగుళ్లు ఉన్నాయని, ఊపిరితిత్తి చుట్టూ కొంత గాలి, కొంత రక్తం చేరాయని తేలింది. పక్కటెముకల పగుళ్లు మామూలు ఎక్స్‌రేలో చాలావరకు దొరకకుండా తప్పించుకుంటాయి. అందుచేత ఎక్స్‌రే బాగానే ఉందని ఇంటికి పంపినా, ఊపిరి పీల్చినప్పుడు ఒకే చోట కలుక్కుమంటుంటే ఎముక విరిగినట్టే భావించి జాగ్రత్తపడమని వైద్యులు చెబుతారు. కడుపు కూడా స్కాన్ చేశారు. దెబ్బ తగిలింది ఛాతీకైతే కడుపెందుకని మావారు అడిగితే, కింది పక్కటెముకల చాటున ఎడమవైపు ప్లీహం, కుడివైపు కాలేయం దాగి ఉంటాయని, ఎముక విరిగేంత దెబ్బ వాటికీ తగిలి ఉండవచ్చని డ్యూటీ డాక్టరు ఓపికగా వివరించారు.

మనిషికి పన్నెండు జతల పక్కటెముకలు. పై ఏడు జతలు మృదులాస్థి ద్వారా నేరుగా రొమ్ము ఎముకకు చేరుతాయి, తర్వాతి మూడు జతలు తమ పైనున్నదాని మృదులాస్థిని పట్టుకుని ఉంటాయి, చివరి రెండు జతలకు ముందువైపు ఏ ఆధారమూ ఉండదు. ఈ గూడు బిగుసుకుని నిలబడిపోయేది కాదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కలకూ పైకీ విచ్చుకుని, వదిలినప్పుడల్లా దిగుతుంది. మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడనుకుంటే, రోజుకు సుమారు 20,000 సార్లు ఈ ఎముకలు కదులుతాయన్నమాట. విరిగిన చేతిని మెడకు వేలాడదీసి కదలకుండా ఉంచవచ్చు, ఛాతీని అలా ఉంచలేం. ఉంచకూడదు కూడా. పూర్వం వెడల్పాటి అంటుపట్టీలతో ఛాతీని బిగించి కట్టేవారు. నొప్పి తగ్గిన మాట నిజమే కానీ, బిగింపు వల్ల ఊపిరితిత్తి అడుగుభాగం విచ్చుకోక, అక్కడ కఫం పేరుకుని నిమ్ము చేరేది. ఎముక విరుగుడుతో బతికి బయటపడినవారు నిమ్ముతో పోవడం చూశాకనే ఆ కట్లు మానేశారు.

ఎముక తనంతట తాను అతుక్కుంటుంది. అతుక్కునేదాకా నొప్పికి భయపడి ఊపిరిని పైపైనే తీసుకోవడం, దగ్గును మింగేయడం, కదలకుండా పడుకోవడం, ఈ మూడూ ప్రమాదకరం. నొప్పి మనిషి చేత ఈ మూడింటినీ చేయిస్తుంది. అందువల్ల ఈ గాయంలో నొప్పి తగ్గించడం సుఖం కోసం చేసేది కాదు, అది చికిత్సలో ప్రధాన భాగం. నేను ఇక్కడ రాస్తున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేదే.

మన ఇళ్లలో ఈ మాటను ఒప్పించడం కష్టం. నొప్పి మాత్ర అంటే ఓర్చుకోలేనివారు వేసుకునేదని, ఎంత తక్కువ వేసుకుంటే అంత గొప్ప అని మనకొక నమ్మకం. మా అమ్మ ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని, నర్సు మాత్ర తెచ్చినప్పుడల్లా, "ఇప్పుడు అంత నొప్పి లేదుగా, ఉంచుకో తల్లీ, రాత్రికి వేసుకుందువుగాని" అనేది. నొప్పి లేనిది మందు ఇంకా పనిచేస్తోంది గనుకనే. అది పూర్తిగా దిగిపోయాక వేసుకుంటే, మళ్లీ అందుకునేలోగా గంటసేపు గట్టిగా ఊపిరి తీసుకోలేని స్థితి వస్తుంది, దగ్గలేని స్థితి వస్తుంది. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా వేళకు వేయాలన్నారు. పారాసిటమాల్ ఆధారం, దాని మీద అవసరాన్ని బట్టి మిగతావి. డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కిడ్నీ జబ్బు, కడుపులో పుండ్లు ఉన్నవారికి మంచివి కావన్నది నిజమే, దాన్ని వైద్యులే చూసుకుంటారు. కానీ ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని అన్ని మాత్రలనూ మానేయడం సరికాదు. ట్రమడాల్ నాకు తల తిప్పింది, పైగా మలబద్ధకం తెచ్చింది. ముక్కితే ఛాతీ అంతా చీలినట్టుండే రోజుల్లో మలబద్ధకం చిన్న విషయం కాదు. మాత్ర రాసిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమని అడగడం మంచిదని ఎవరికైనా చెబుతాను.

మాత్రలతో ఆగనివారికి నరాలకు మత్తు ఇస్తారు. నాకు వెన్నుపూసల పక్కనున్న కండరాల పొర కింద అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని గొట్టం పెట్టి, దాని ద్వారా మత్తుమందును కొద్దికొద్దిగా ఎక్కించారు. 2016లో మొదటిసారి వైద్య పత్రికలకు ఎక్కిన ఈ పద్ధతి ఇంత త్వరలో గుంటూరు దాకా వచ్చి నా వీపుకు అందడం నా అదృష్టమే. మందు ఎక్కిన అరగంటకు, ప్రమాదం జరిగిన తర్వాత మొదటిసారిగా, పొట్ట నిండా గాలి పీల్చాను.

దెబ్బ తగిలిన మరునాడు పరిస్థితి మెరుగుపడుతుందని నేను ఆశించాను, కానీ ఆయాసం ఎక్కువైంది. ఊపిరితిత్తి కమిలితే ఆ కమిలిన భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువ నీరు పట్టి బిగుసుకుంటుందట. అందుకే మొదటి రోజు బాగానే ఉన్నవారిని కూడా ఒక్క రోజు కళ్లముందు ఉంచుకుంటారు. ఇంటికి పంపినవారికి జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా, కఫంలో రక్తం కనబడినా, కడుపునొప్పి లేదా తల తిరగడం మొదలైనా వెంటనే వెనక్కి రావాలి. చేరిన గాలినీ రక్తాన్నీ బయటకు తీయడానికి నాకు చంక కింద, పక్కటెముకల సందులోంచి గొట్టం వేశారు. దాని రెండో కొస నేల మీది సీసాలోని నీటిలో మునిగి ఉంటుంది. లోపలి గాలి నీటిలోంచి బుడగలుగా బయటకు పోగలదు, బయటి గాలి వెనక్కి రాలేదు. ఇంత సులువైన ఏర్పాటు ప్రాణం నిలబెడుతుందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఊపిరితో పాటు గొట్టంలో నీటిమట్టం ఎక్కి దిగుతుండేది, దగ్గితే బుడగలు వచ్చేవి. సీసాను ఛాతీ కంటే పైకి ఎత్తవద్దని ఆయమ్మ దగ్గర నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ హెచ్చరించారు. దగ్గినా బుడగలు రాని రోజు వచ్చాక ఎక్స్‌రే తీసి చూసి, ఊపిరి బిగబట్టమని చెప్పి ఒక్క లాగు లాగారు. అంతసేపూ భయపడింది ఈ క్షణం కోసమా అనిపించింది.

అసలు పని ఫిజియోథెరపీ అమ్మాయితో మొదలైంది. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి చేతికిచ్చింది. మందుల షాపులో అడిగితే "ఊదే బాల్స్" అని ఇస్తారు గానీ, నిజానికి దాన్ని ఊదకూడదు, గొట్టం నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చాలి. పీల్చే వేగాన్ని బట్టి బంతులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. వాటి మీద సెకనుకు 600, 900, 1200 మిల్లీలీటర్లని అచ్చు వేసి ఉంటుంది. నేను మొదటి బంతిని కూడా కదిలించలేకపోయాను. "లేపడం ముఖ్యం కాదు మేడమ్, లేపి నిలబెట్టడం ముఖ్యం. గబుక్కున పీల్చి మూడూ ఎగరేస్తే లాభం లేదు, ఒకటే లేవనివ్వండి, మూడు సెకన్లు ఆగనివ్వండి" అంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదేసి సార్లు చేయమంది. పిల్లలకు ఇంటిపని ఇచ్చే ఉద్యోగం చేసే నాకు, ఇంటిపని చేయనివారు చెప్పే సాకులన్నీ ఆ వారంలో అనుభవంలోకి వచ్చాయి.

దగ్గడం ఇంకో విద్య. గొంతులో కఫం కదులుతున్నట్టు తెలిసినా, దగ్గితే ఏమవుతుందో తెలుసు కనుక శరీరం దాన్ని ఆపేస్తుంది. దిండును మడిచి విరిగిన చోట గట్టిగా అదిమిపట్టుకుని, ముందుకు కొద్దిగా వంగి, రెండు మూడు పెద్ద ఊపిరుల తర్వాత ఒక్కసారి దగ్గాలి. దిండు ఎముకను నిలబెడుతుంది, దగ్గు తన పని తాను చేస్తుంది. గొంతు తెరిచి "హా" అని ఆవిరి వదిలినట్టు గాలిని తోసే పద్ధతి కూడా నేర్పింది. దగ్గు కంటే అది సులువు. తుమ్ముకు మాత్రం ఏ విద్యా లేదు. దగ్గు రాబోతోందని ముందే తెలుస్తుంది, తుమ్ము తెలియనివ్వదు. పోపు పెట్టే వేళకు వంటింటి తలుపు మూసేవారు. ఎక్కిళ్లు వచ్చిన ఒక సాయంత్రాన్ని గురించి రాయకపోవడమే నయం.

ఇంటికి వచ్చాక పెద్ద సమస్య నిద్ర. వెల్లకిలా పడుకుంటే లేవడం సాధ్యం కాదు, ఎడమవైపు తిరగలేను, కుడివైపు తిరిగితే పైనున్న ఎముకలు వాటి బరువుకు అవే దిగబడేవి. దిండ్లు ఎన్ని పేర్చినా అర్ధరాత్రికి జారిపోయేవి. చివరికి మా మామగారు అటక మీది నుంచి ఆయన తండ్రిగారి పాత పడక్కుర్చీని దింపించి, దానికి కొత్త గుడ్డ కుట్టించారు. సగం కూర్చుని సగం పడుకుని, చేతులకు ఆనుకోలు ఉండి, లేచేటప్పుడు పొట్ట కండరాలతో పనిలేని ఆ కుర్చీలోనే చాలా వారాలు నిద్రపోయాను. మంచం మీద పడుకున్నప్పుడు కూడా నేరుగా లేవకూడదు. బాగున్న పక్కకు ఒత్తిగిలి, కాళ్లను మంచం దిగువకు జార్చి, మోచేత్తో నేలను తోసినట్టు పరుపును తోస్తూ లేవాలి. చేతిని తలపైకి ఎత్తలేను కనుక ముందు గుండీలున్న నైటీలు తప్ప మరేవీ వేసుకోలేకపోయాను, జడ మా అక్క వేసేది. నొప్పికి జడిసి చేతిని దగ్గరకు ముడుచుకుని కూర్చుంటే భుజం పట్టేస్తుందని, రోజూ గోడ మీద వేళ్లను నడిపిస్తూ చేతిని కొద్దికొద్దిగా పైకి తీసుకువెళ్లమన్నారు. అది చేశాను. రోజూ వరండాలో నడిచాను. పడుకుని ఉండడం విశ్రాంతి అనిపించుకుంటుంది గానీ, ఊపిరితిత్తులకు మాత్రం నడకే మేలు.

పరామర్శకు వచ్చేవారు రోగిని నవ్వించి ధైర్యం చెప్పాలనుకుంటారు. పక్కటెముకలు విరిగినవారిని నవ్వించకూడదు. మా మరిది ఫోను చేస్తే స్పీకరులో పెట్టి మావారే మాట్లాడేవారు, నేను పక్క గదికి వెళ్లిపోయేదాన్ని.

తిండి విషయంలో సలహాలకు కొదవ లేదు. ఒకరు మేక కాళ్ల సూపు తెచ్చారు, ఒకరు నాటుకోడి గుడ్లు పంపారు, మా అమ్మ ఊరి నుంచి నల్లేరు తెప్పించింది. ఎముకలు అతకడానికి నల్లేరు వాడడం మన దగ్గర పాతకాలం నుంచీ ఉంది. దాని మీద కొన్ని పరిశోధనలు జరిగాయి కానీ, మందుగా రాసిచ్చేంత గట్టి రుజువు ఇంకా లేదని డాక్టరు గారు చెప్పారు, తినవద్దని మాత్రం అనలేదు. చేతులకు నూనె రాసుకుని ఈనెలు తీసి, బాగా వేయించి, చింతపండు దండిగా వేసి నూరకపోతే నాలుక దురద పెట్టే ఆ పచ్చడి వేడి అన్నంలో బాగుంటుంది కనుక తిన్నాను. రోజూ పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకుండా చూడమని, విటమిన్ డి పరీక్ష చేయించమని ఆయన చెప్పినదాని మీద నాకు ఎక్కువ నమ్మకం. మా బాబాయి పుత్తూరు వెళ్దామని, అక్కడి కట్టుకు తిరుగులేదని పట్టుబట్టారు. చేతుల కాళ్ల సంగతి ఎలా ఉన్నా, ఛాతీని ఏ ఊళ్లో కట్టినా ఊపిరికి అడ్డమే కనుక, ప్రయాణంలో వచ్చే స్పీడు బ్రేకర్లను గుర్తుచేసి ఆయనను శాంతింపజేశాను.

పెద్ద వయసువారి విషయంలో ఇంత తేలిక మాటలు పనికిరావు. 65 ఏళ్లు దాటినవారి మీద జరిగి 2000లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, విరిగిన ఒక్కో అదనపు ఎముకకూ మరణించే ముప్పు 19 శాతం, నిమ్ము చేరే ముప్పు 27 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. బాత్‌రూంలో జారిపడి పక్కటెముక విరిగిన పెద్దవారిని, "ఒక్క ఎముకేగా, కొంచెం పడుకుంటే తగ్గుతుంది" అని ఇంట్లోనే ఉంచడం మనవాళ్లు చాలా సహజంగా చేసే పని. ఆ పడుకోవడంలోనే ప్రమాదం ఉంది. ఇక వరుసగా మూడు, అంతకు మించిన ఎముకలు ఒక్కొక్కటి రెండేసి చోట్ల విరిగినవారికి ఛాతీలో ఆ భాగం మిగతా గూడుతో తెగిపోయి, ఊపిరి తీసినప్పుడు లోపలికి, వదిలినప్పుడు బయటికి, అంతా తలకిందులుగా కదులుతుంది. అటువంటివారిలో కొందరికి వెంటిలేటరు, కొందరికి టైటానియం ప్లేట్లు అవసరమవుతాయి. నాది ఆ దాకా రాలేదు.

ఎముక మామూలుగా ఆరు వారాలకు అతుకుతుందని, నొప్పి పూర్తిగా పోవడానికి మూడు నెలలు కూడా పట్టవచ్చని ముందే చెప్పారు. చెప్పనిది ఏమిటంటే, ఆ కాలమంతా ఒకే తీరున తగ్గుతూ రాదు. ఒక ఉదయం అన్నీ నయమైనట్టుంటుంది, ఆ ఉత్సాహంలో బకెట్టు ఎత్తితే సాయంత్రానికి మళ్లీ మొదటికొస్తుంది. లోపల ఎక్కడో టక్కుమని చప్పుడైనట్టు తెలిసి గుండె జారిపోతుంది. విరిగిన కొసలు ఇంకా పూర్తిగా బిగుసుకోనప్పుడు అలా అవుతుందట.

బడికి తిరిగి వెళ్లినప్పుడు నడక, బస్సు, బోర్డు మీద రాయడం ఇవన్నీ ఎలాగో కుదిరాయి, గొంతు కుదరలేదు. నేను తెలుగు చెబుతాను. తెలుగు పాఠానికి పద్యం కావాలి, పద్యానికి ఊపిరి కావాలి. ఆటవెలదికి ఇబ్బంది లేదు, అయిదు గణాల పాదం కనుక ఎలాగో గట్టెక్కేది. 19 అక్షరాల శార్దూలం, 20 అక్షరాల మత్తేభం నోరు తెరిస్తే చాలు సగంలో తెగిపోయేవి. తెలుగు ఛందస్సులో యతి అంటే అక్షరమైత్రి కుదరవలసిన చోటే తప్ప అక్కడ ఆగి తీరాలన్న నియమం లేదని పిల్లలకు ఏటా చెప్పే నేను, ఆ రోజుల్లో శార్దూలంలో పదమూడో అక్షరం ముందు, మత్తేభంలో పద్నాలుగో అక్షరం ముందు గత్యంతరం లేక ఆగాను. పదం మధ్యలో విరిగి వెనుక బెంచీల్లో నవ్వులు వినిపించేవి. నేను మాత్రం జాగ్రత్తగా నవ్వకుండా ఉండేదాన్ని. బంతుల పరికరం కంటే ఈ పాదాలే నాకు కచ్చితమైన కొలతలయ్యాయి. చంపకమాల పాదం ఆగకుండా చదివిన రోజున డాక్టరు గారికి చెబితే, ఆయన ఆసక్తిగా విని, ఎక్స్‌రే కూడా తీయిద్దాం అన్నారు. ఎనిమిది గణాల సీసపాదం ఒకే ఊపిరిలో చదవడం ఈ మధ్యనే కుదిరింది.

ఇప్పటికీ గొట్టం వేసిన చోట అరచేయంత మేర స్పర్శ మొద్దుబారి ఉంది, చన్నీళ్లు పడితే అక్కడ మంటలా తెలుస్తుంది. ప్రతి పక్కటెముక అడుగునా ఒక నరం పోతుందని, ఎముకతో పాటు అదీ దెబ్బతింటుందని, నెమ్మదిగా కోలుకుంటుందని లేదా కొంత అలాగే మిగిలిపోతుందని అన్నారు. ఏడో ఎముక మీద వేలు పెడితే చిన్న బొడిపె తగులుతుంది.

పోయిన నెల మా బడి లెక్కల మాస్టారి భార్య ఆటోలోంచి పడి మూడు పక్కటెముకలు విరిగాయని, కట్టు కట్టకుండానే ఇంటికి పంపేశారని, ఇంకో ఆసుపత్రికి తీసుకువెళ్లాలా అని ఆయన ఫోను చేశారు. కట్టరని చెప్పాను. ఆయాసం, జ్వరం ఉన్నాయా అని అడిగి, లేవన్నాక, మాత్రలు నొప్పి కోసం ఆగకుండా గడియారం చూసి ఇవ్వమని, బంతుల పరికరాన్ని ఊదనివ్వకుండా పీల్పించమని, దగ్గేటప్పుడు చేతికి దిండు అందించమని చెప్పాను. రాత్రంతా కూర్చునే ఉంటోందని ఆయన అన్నారు. పడక్కుర్చీ మా ఇంట్లో ఖాళీగానే ఉంది, మరునాడు ఉదయమే ఆటోలో వేయించి పంపాము.